హైదరాబాదు నుంచి డాలస్‌కు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు? టికెట్లో లెక్క కుదరడం లేదు

పాత స్టీరింగు, కడప
అక్టోబరు 4, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. నేను ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైనాను. ఎక్కువ కాలం కడప–హైదరాబాదు సర్వీసే. మా పాప డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది. నెలలు నిండుతున్నాయి. కాన్పుకు నేనూ మా ఇంటామె పోతాండాం. ఇద్దరికీ విమానం ఎక్కడం ఇదే మొదలు.

అల్లుడు టికెట్లు పంపినాడు. శుక్రవారం 17వ తేదీ తెల్లవారుజామున 4:20కి శంషాబాదులో బయల్దేరి 6:50కి దుబాయి. దుబాయిలో 9:50కి బయల్దేరి సాయంత్రం 4:50కి డాలస్. తేదీ అదే 17. నా లెక్కలో 4:20 నుంచి సాయంత్రం 4:50 దాకా పన్నెండున్నర గంటలు. మధ్యలో దుబాయిలో నిలిచే మూడు గంటలు తీసేస్తే రన్నింగు తొమ్మిదిన్నర గంటలు. విమానం గంటకు తొమ్మిది వందల కిలోమీటర్లు పోతుందంటారు కాబట్టి ఎనిమిదిన్నర వేల కిలోమీటర్లు కావాల. పక్కింటి పిల్లోడు ఫోనులో చూసి 14,400 కిలోమీటర్లు అంటాడు. ఇంత తేడా ఎట్ల వచ్చింది?

ఎంత దూరమో, ఎంతసేపో తెలియకుండా నేను ఏనాడూ డిపోలోంచి బండి తీయలేదు. ఈసారి నేను సీట్లో కూర్చునేవాణ్ణే అయినా దారి తెలుసుకొని ఎక్కాలని ఉంది. తెలిసినోళ్ళు చెప్పండి.


ఫ్రిస్కో అనంతపురం
అక్టోబరు 4, రాత్రి 10:05

అన్నా, మాది అనంతపురం, ఉండేది ఫ్రిస్కోలోనే. పాప కాన్పుకు వస్తున్నారంటే చాలా సంతోషం.

మీ లెక్కలో పొరపాటు ఒక్కటే. మూడు ఊర్ల గడియారాలూ ఒకటే అనుకున్నారు. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. దుబాయి మనకంటే గంటన్నర వెనక. వాళ్ళ 6:50 అంటే కడపలో 8:20. అంటే మొదటి విమానంలో రెండున్నర గంటలు కాదు, నాలుగు గంటలు కూర్చుంటారు. డాలస్ ఇప్పుడు మనకంటే పదిన్నర గంటలు వెనక. మీరు ఇక్కడ సాయంత్రం 4:50కి దిగేసరికి కడపలో శనివారం తెల్లవారుజాము 3:20 అవుతుంది. 4:20 నుంచి మరుసటి రోజు 3:20 దాకా ఎంచుకోండి, 23 గంటలు. దుబాయిలో మూడు గంటలు పోను విమానాల్లో 20 గంటలు. మొదటిది నాలుగు, రెండోది పదహారు.

ఇంకోమాట. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పటి నుంచి మార్చి రెండో ఆదివారం దాకా తేడా పదకొండున్నర గంటలు. తిరుగు టికెట్ చూసుకునేటప్పుడు గుర్తుపెట్టుకోండి.


పాత స్టీరింగు, కడప
అక్టోబరు 4, రాత్రి 10:31

అమ్మా, చాలా థాంక్స్. గడియారం సంగతి ఇప్పుడు తలకెక్కింది. చేతి గడియారం మార్చకుండా కడప టైముతోనే పోతాను, అప్పుడు తికమక ఉండదు.

కానీ ఇప్పుడు ఇంకో చిక్కు. 20 గంటలు, గంటకు 900 అంటే 18,000 కిలోమీటర్లు. పిల్లోడు చెప్పింది 14,400. ఇందాక తక్కువైంది, ఇప్పుడు ఎక్కువైంది.


లెక్కల మాస్టరు, ప్రొద్దుటూరు
అక్టోబరు 5, ఉదయం 6:15

అయ్యా, మీ ప్రశ్న చూసి రాత్రే జవాబు రాయాలనుకున్నా. హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కొంచెం పొడుగైనా చదవండి.

పిల్లోడు చెప్పిన 14,400 తప్పు కాదు. అది హైదరాబాదు నుంచి డాలస్‌కు భూమి ఒంపు మీద దారం లాగి పట్టుకుంటే వచ్చే అతి దగ్గరి దూరం. మీరు ఆ దారిన పోవడం లేదు, దుబాయి మీదుగా పోతున్నారు. హైదరాబాదు–దుబాయి సుమారు 2,550, దుబాయి–డాలస్ సుమారు 12,900. రెండూ కలిపితే 15,450. అంటే దుబాయికి చుట్టు తిరిగి పోయినా పెరిగేది వెయ్యి కిలోమీటర్ల పైచిల్లరే. పటంలో చూస్తే దుబాయి పక్కకు పోయినట్టు అనిపిస్తుంది గానీ నిజానికి పెద్ద చుట్టు కాదు.

ఇప్పుడు అసలు ముచ్చట. గోడ మీది ప్రపంచ పటంలో మనం కుడివైపు, అమెరికా ఎడమ చివర. స్కేలు పెట్టి గీత గీస్తే ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోవాలనిపిస్తుంది. అట్లా ఒకే దిక్కు పట్టుకొని పోతే 17,600 కిలోమీటర్ల పైన అవుతుంది. భూమి గుండ్రం కాబట్టి దగ్గరి దారి వేరే. ఇంట్లో చీనీకాయ, అదే బత్తాయి, ఉంటే తీసుకోండి. తొడిమ ఉత్తర ధ్రువం అనుకోండి. తొడిమకు ఎదురు కొస దక్షిణ ధ్రువం. రెండు కొసలకూ సరిగ్గా మధ్యన నడుము చుట్టూ పెన్నుతో గీత గీయండి, అది భూమధ్యరేఖ. ఆ గీతకు కొంచెం పైన ఒక చుక్క పెట్టండి, అది హైదరాబాదు. కాయను సరిగ్గా వెనక్కి తిప్పి, గీతకూ తొడిమకూ మధ్యలో మూడోవంతు ఎత్తున ఇంకో చుక్క పెట్టండి, అది డాలస్. ఇప్పుడు పూలు కట్టే దారం రెండు చుక్కల మీదా పెట్టి బిగించి లాగండి. దారం ఎటు పోతుందో చూసి వచ్చి చెప్పండి, మిగతాది తర్వాత రాస్తాను.


దేవనహళ్ళి డ్యూటీ, హిందూపురం
అక్టోబరు 5, ఉదయం 11:20

బెంగళూరు ఎయిర్‌పోర్టులో గ్రౌండు డ్యూటీ చేస్తాను. మాస్టరు గారు దూరం చెప్పినారు, నేను టైము సంగతి చెప్తా.

టికెట్లో ఉండే గంటలు గాల్లో ఎగిరే గంటలు మాత్రమే కాదు. విమానం చక్రాలకు అడ్డం పెట్టిన దిమ్మలు తీసినప్పటి నుంచి, దిగిన ఊర్లో మళ్ళీ దిమ్మలు పెట్టేదాకా లెక్క. దీన్ని మేము బ్లాక్ టైం అంటాం. అంటే వెనక్కి తోయడం, రన్‌వే దాకా పాకడం, వరసలో నిలబడటం, దిగినాక గేటు దాకా పోవడం, అన్నీ అందులోనే. మీ బస్సు డిపోలోంచి బయటికి తీసినప్పటి నుంచి మళ్ళీ డిపోలో పెట్టేదాకా రాసుకుంటారు గదా, అదే పద్ధతి.

రెండోది వేగం. గంటకు 900 అనేది పైకి పోయి, ముప్పై నలభై వేల అడుగుల ఎత్తులో స్థిరపడినాక పోయే వేగం. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు అంతకంటే చాలా తక్కువ. అందుకే దగ్గరి సర్వీసుల్లో సగటు బాగా పడిపోతుంది. మీ 15,450 కిలోమీటర్లను 20 గంటలతో భాగిస్తే గంటకు 770 వస్తుంది. మీకు తేడా అనిపించింది దానివల్లే.

మూడోది గాలి. ఆ ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీం అనే గాలి పరుగెత్తుతుంటుంది, చలికాలంలో గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటి కూడా. అమెరికాకు పోయేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. మీ తిరుగు టికెట్ చూడండి, డాలస్–దుబాయి గంటో గంటన్నరో తక్కువ ఉంటుంది.


గువ్వలచెరువు ఘాటు
అక్టోబరు 5, మధ్యాహ్నం 1:02

అన్నా, నాది ట్రావెల్స్ కారు, కడప నుంచి ఎయిర్‌పోర్టులకు తోలుతుంటా. ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. కడప నుంచి హైదరాబాదు ఎందుకు పెట్టుకున్నారు? రోడ్డు మీద నాలుగు వందల పది కిలోమీటర్లు. రాయచోటి, మదనపల్లె మీదుగా దేవనహళ్ళి, అంటే బెంగళూరు ఎయిర్‌పోర్టు అయితే రెండు వందల యాభై. రాజంపేట, కోడూరు, రేణిగుంట మీదుగా చెన్నై కూడా అంతే. రెండు ఊర్లలోనూ దుబాయి విమానాలు ఉన్నాయి. అక్కకు మోకాళ్ళ నొప్పులుంటే కారులో మూడు గంటలు తగ్గేది చిన్న విషయం కాదు గదా.


లెక్కల మాస్టరు, ప్రొద్దుటూరు
అక్టోబరు 5, మధ్యాహ్నం 2:40

కారు అన్న చెప్పింది రోడ్డు లెక్కలో నిజం. కానీ ఈ పెద్దాయనకు ఒక మాట చెప్పకుండా ఉండలేను.

కడప ఉన్నది దాదాపు 79వ తూర్పు రేఖాంశం మీద. హైదరాబాదు కూడా అంతే, కొద్దిగా పక్కకు. అంటే కడపకు హైదరాబాదు నేరుగా ఉత్తరం. రోడ్డు నాలుగు వందలు దాటినా ఆకాశంలో గీత మూడు వందల కిలోమీటర్లే. ఇప్పుడు 79కి భూమికి అవతలి వైపు ఎదురుపడే రేఖాంశం ఏది? 180లోంచి 79 తీస్తే 101, పడమర. డాలస్ ఉన్నది 97 పడమర మీద. నాలుగే డిగ్రీల తేడా. డాలస్ మనకు ఇంచుమించు వెనక వీపున ఉంది.

కాబట్టి దగ్గరి దారి నేరుగా ఉత్తర ధ్రువం మీదుగానే. వేళ్ళ మీద లెక్కేయండి. హైదరాబాదు అక్షాంశం 17, ధ్రువం 90, మధ్య 73 డిగ్రీలు. డాలస్ 33, ధ్రువం నుంచి కిందికి దిగితే 57. కలిపితే 130. ఉత్తర దక్షిణాలుగా ఒక్కో డిగ్రీ 111 కిలోమీటర్లు. 130 ఇంటూ 111, పద్నాలుగు వేల నాలుగు వందల ముప్పై. పిల్లోడి ఫోను చెప్పిందీ ఇదే. ఏ యంత్రమూ లేకుండా తొమ్మిదో తరగతి పిల్లలు చేసే లెక్క.

అంటే పెద్దాయనా, మీరు అన్నేండ్లు కడప నుంచి హైదరాబాదుకు బస్సు తోలిన దిక్కే మీ పాప ఇంటికి పోయే దిక్కు. అదే దిక్కున ఆపకుండా పోతే ధ్రువం దాటి డాలస్ వస్తుంది.


పాత స్టీరింగు, కడప
అక్టోబరు 5, రాత్రి 9:18

మాస్టరు గారూ, మీ మాట మా ఇంటామెకు రెండుసార్లు చదివి వినిపించినాను. చీనీకాయ మీద బాల్ పెన్నుతో చుక్కలు పెట్టినాం. ఆమె పూల దారం తెచ్చి ఇచ్చింది. నేను పక్కనుంచి తిప్పి కడదామని చూస్తే దారం జారి జారి తొడిమ మీదికే పోయింది. మూడుసార్లు చేసినా అంతే. ఆమె ఆ కాయ కోయనీయలేదు, దేవుని గూట్లో పెట్టింది.

కారు తమ్ముడూ, నువ్వు చెప్పింది బాగుంది. కానీ హైదరాబాదు రోడ్డు నాకు కండ్లు మూసుకున్నా తెలుసు. ఆళ్ళగడ్డ, నంద్యాల దాటి కర్నూలు చేరితే నాకు సగం దారి అయిపోయినట్టే. పైగా శంషాబాదు కర్నూలు వైపు నుంచి పోయేవాళ్ళకు ఊరికంటే ముందే వస్తుంది, పట్నం ట్రాఫిక్‌లో పడే పని లేదు. నువ్వే కారు తీసుకొని రా, పోదాం.

దేవనహళ్ళి తమ్ముడూ, రెండు అనుమానాలు. పదహారు గంటలు ఒకే డ్రైవరు తోలుతాడా? డీజిలు ఎంత పోస్తారు?


దేవనహళ్ళి డ్యూటీ, హిందూపురం
అక్టోబరు 5, రాత్రి 11:50

ఒక్కరు కాదన్నా. ఇంత దూరం సర్వీసుకు మామూలుగా నలుగురు పైలట్లు ఉంటారు. ఇద్దరు నడుపుతుంటే ఇద్దరు పడుకుంటారు. వాళ్ళకు పడకలు విడిగా ఉంటాయి, ప్రయాణికులకు కనపడవు.

డీజిలు కాదు, విమానాలకు పోసేది కిరోసిన్ జాతి ఇంధనం. ఇంత దూరాలకు ఎక్కువగా వాడే బోయింగ్ 777-300ఈఆర్ ట్యాంకుల్లో లక్షా ఎనభై ఒక్క వేల లీటర్లు పడుతుంది. గంటకు ఏడెనిమిది టన్నులు తాగుతుంది. మీ డాలస్ దూరానికి లక్షన్నర లీటర్ల దరిదాపు అనుకోండి. కిలోమీటరుకు పదకొండు పన్నెండు లీటర్లు. వినడానికి గుండె ఆగుతుంది గానీ మూడు వందల యాభై మంది కూర్చుంటారు. మనిషికి పంచితే లీటరుకు ముప్పై కిలోమీటర్లు.


పాత స్టీరింగు, కడప
అక్టోబరు 6, ఉదయం 5:30

మా బస్సుకు లీటరుకు ఐదు కిలోమీటర్లు తెస్తే డిపోలో మెచ్చుకునేవాళ్ళు. నలభై మందికి పంచితే మనిషికి రెండు వందలు. మైలేజీలో బస్సే గెలిచింది. కానీ పొద్దున ఎక్కి భూమి అవతల దిగేది బస్సుతో కాదు గదా. ఇద్దరేసి డ్రైవర్లు అంటే ధైర్యం వచ్చింది.


కువైట్ రాజంపేట
అక్టోబరు 6, మధ్యాహ్నం 3:25

నేను కువైట్లో పదకొండేండ్లుగా ఉన్నా. మాకు చెన్నై నుంచి 3,780 కిలోమీటర్లు, ఐదు గంటలు. అమెరికా లెక్కలో నాలుగోవంతు. దూరం అంతే అయినా లీవు దొరక్క రెండేండ్లకు, మూడేండ్లకు ఒకసారి ఇంటి మొహం చూస్తాం.

పెద్దాయనకు ఒక జాగ్రత్త చెప్పాలని రాస్తున్నా. మీ రెండు విమానాలూ ఒకే టికెట్లో, ఒకే పీఎన్ఆర్ నంబరు మీద ఉన్నాయా చూసుకోండి. ఒకసారి నాకు ఒక ఏజెంటు చవక అని రెండు వేరువేరు టికెట్లు కొనిచ్చినాడు. మధ్య ఊర్లో సామాను నేనే తీసుకొని మళ్ళీ ఇవ్వాలని ఎవరూ చెప్పలేదు. మొదటి విమానం రెండు గంటలు లేటు. రెండోది నా కండ్ల ముందే వెళ్ళిపోయింది. రెండో టికెట్ డబ్బులు ఒక్క పైసా రాలేదు, ఆ రాత్రి కుర్చీలోనే తెల్లారింది. ఒకే పీఎన్ఆర్ అయితే మొదటిది లేటయినా తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్ళది. సామాను కూడా హైదరాబాదులో ఇస్తే నేరుగా డాలస్‌లో వస్తుంది.


పాత స్టీరింగు, కడప
అక్టోబరు 6, రాత్రి 8:02

నాయనా, నీ మాట చదివి అల్లునికి ఫోన్ చేసి అడిగినా. ఒకే నంబరంట. నువ్వు పడిన కష్టం ఇంకొకరికి రాకుండా చెప్పినావు. ఈ సంక్రాంతికైనా లీవు దొరకాల నీకు.


ఓర్వకల్లు, కర్నూలు
అక్టోబరు 7, ఉదయం 9:44

మాస్టరు గారి ధ్రువం మాట చదివినాక రాయకుండా ఉండలేకపోయినా. ధ్రువం మీదుగా విమానాలు నిజంగానే పోతాయి. 2021 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరిన ఎయిరిండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చి 11వ తేదీ తెల్లవారుజామున బెంగళూరులో దిగింది. పైలట్లు అందరూ ఆడవాళ్ళు. కెప్టెన్లు జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవరె, శివానీ మన్హాస్. దారంలాగా లాగితే ఆ రెండు ఊర్ల మధ్య 14,000 కిలోమీటర్లే. వాళ్ళు ఎగిరింది 16,000 దరిదాపు, పదిహేడు గంటలు. గాలి, వాతావరణం, అత్యవసరంగా దిగడానికి దగ్గర్లో ఎయిర్‌పోర్టు ఉండాలన్న నియమం, వీటన్నిటినీ చూసి దారి గీస్తారు కాబట్టి చీనీకాయ దారం కంటే ఎప్పుడూ కొంత ఎక్కువే.

దేశాల తగాదాలు కూడా దారిని పొడిగిస్తాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పటి నుంచి అమెరికా, యూరప్ కంపెనీల విమానాలకు రష్యా ఆకాశం మూసేసింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు మూసేసింది. ఢిల్లీ నుంచి పడమరకు పోయే మన సర్వీసులు అప్పటి నుంచి చుట్టు తిరుగుతున్నాయి. కింద రోడ్డుకు గేటు పడినట్టే పైన కూడా.

మా ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు 2021 మార్చి 25న మొదలైంది, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గారి పేరు పెట్టినారు. మీ కడపది 2015 జూన్‌లో. రెంటికీ చిన్న విమానాలే. ఏదో ఒకనాడు ఇక్కణ్ణుంచే సామాను ఇచ్చి డాలస్‌లో తీసుకునే రోజు రావాలని నా కోరిక.


నర్సక్క, పులివెందుల
అక్టోబరు 7, రాత్రి 9:30

పదహారు గంటలు కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, పెద్ద వయసువాళ్ళకు ఇంకా. రెండు గంటలకొకసారి లేచి నడవండి. కూర్చున్నప్పుడు మడమలు పైకీ కిందికీ ఆడించండి. నీళ్ళు తాగడం మానొద్దు, బాత్రూముకు లేవాల్సి వస్తుందని చాలామంది ఆడవాళ్ళు తాగరు. అక్కకు నడక పక్క సీటు అడగండి. పిక్కలకు బిగుతుగా ఉండే సాక్సులు వేసుకోవచ్చా అని ముందే డాక్టరును అడగండి.

షుగరు, బీపీ మాత్రలు సూట్‌కేసులో వేయొద్దు, చేతి సంచిలోనే, చీటీతో సహా. గంటలు తారుమారవుతాయి కాబట్టి ఏ మాత్ర కడప టైములో ఎప్పుడు వేసుకోవాలో డాక్టరు చేత రాయించుకోండి. మీరు గడియారం మార్చకుండా పోతానన్నారు గదా, అది ఇందుకు బాగా పనికొస్తుంది.

వీల్‌చైరు ముందే చెప్పి పెట్టించండి. మోకాళ్ళ నొప్పితో దుబాయిలో ఒక గేటు నుంచి ఇంకో గేటుకు నడవడం చాలా కష్టం.


ఫ్రిస్కో అనంతపురం
అక్టోబరు 8, ఉదయం 7:10

అక్క చెప్పినవన్నీ చేయండి. ఇంకో మూడు మాటలు. పచ్చళ్ళు చేతి సంచిలో పెట్టొద్దు, చెకిన్ సామానులో గట్టిగా కట్టి వేయండి. తినేవి ఏవి తెచ్చినా డాలస్‌లో అడిగితే ఉన్నాయని చెప్పండి, దాయొద్దు. ఆఫీసరు ఎందుకొచ్చారని అడిగితే బిడ్డ కాన్పుకు అని ఉన్నదున్నట్టు చెప్పండి. తెలుగు తెలిసిన మనిషి కావాలంటే అడగడానికి మొహమాటపడొద్దు.


పాత స్టీరింగు, ఫ్రిస్కో
అక్టోబరు 20, ఉదయం 8:15, ఇక్కడి టైము

క్షేమంగా చేరినాం. ఆదివారం పాపకు మగపిల్లోడు పుట్టినాడు. తల్లీ బిడ్డా బాగున్నారు. అందరికీ ముందు ఈ మాట చెప్పాలని.

ట్రిప్ షీటు రాసుకున్నా, కడప టైములో. గురువారం మధ్యాహ్నం 2:00 ఇంటి నుంచి బయలు. రాత్రి 10:00 శంషాబాదు. శుక్రవారం 4:20కి అనుకున్నట్టే కదిలింది. దుబాయిలో గేటుకు 8:12కే వచ్చింది, ఎనిమిది నిమిషాలు ముందు. 11:20కి రెండోది బయలు. డాలస్‌లో గేటుకు వచ్చేసరికి నా గడియారంలో శనివారం 3:20, నిమిషం తేడా లేదు. ఆఫీసరు, సామాను అయ్యేసరికి 5:10. ఇంటి గుమ్మం 5:50. మొత్తం నలభై గంటలకు పది నిమిషాలు తక్కువ. కారులో, విమానాల్లో కలిపి పదహారు వేల కిలోమీటర్ల దరిదాపు. ఆగిన టైము అంతా కలుపుకున్నా సగటు గంటకు నాలుగు వందలు.

ముందు సీటు వెనక తెరలో దారి కనపడుతుంది. మా ఇంటామె నిద్రపోతే నేను అదే చూస్తా కూర్చున్నా. దుబాయి నుంచి పడమరకు పోతుందనుకుంటే ముక్కు పైకి పెట్టి ఉత్తరానికి పోయింది. గంట గంటకూ వేగం రాసినా. ఎక్కువసేపు 840, 860 మధ్య. బయట చలి సున్నాకు కింద 58 డిగ్రీలు. గ్రీన్‌లాండ్ అని తెరలో వచ్చినప్పుడు కిటికీ మూత కొంచెం ఎత్తినా. కింద అంతా తెలుపు. పొద్దు నేల అంచున ఎర్రగా కూర్చొని ఉంది. గంటైనా పైకి రాలేదు, కిందికి దిగలేదు. తెల్లారుతుందో మునుగుతుందో తెలియలేదు. మా ఇంటామెను లేపి చూపించినా. ఆమె చాలాసేపు చూసి, "ఇప్పుడు మన కడప ఏ పక్కన ఉందండీ?" అని అడిగింది. నేను వెనక్కి చూపించినా. అది సరైనదో కాదో మాస్టరు గారు చెప్పాల.


లెక్కల మాస్టరు, ప్రొద్దుటూరు
అక్టోబరు 20, రాత్రి 9:05

మనవడు పుట్టినందుకు శుభాకాంక్షలు. వెనక్కి చూపించింది సరైనదే. గ్రీన్‌లాండ్ మీదున్నప్పుడు దారం లాగి చూస్తే కడప ఉన్నది ఈశాన్యం దిక్కున. మీరు ధ్రువానికి కొంచెం పక్కగా పోయినారు. అక్టోబరు మధ్యలో అంత ఉత్తరాన మధ్యాహ్నమప్పుడు కూడా సూర్యుడు నేల అంచు దగ్గరే ఉంటాడు. పైగా విమానం పడమరకు తిరిగి పొద్దు వెంటే పోతుంది కాబట్టి కదలనట్టు కనిపిస్తాడు. మీరు చూసింది నేను ఇన్నేండ్లుగా బోర్డు మీద గీసి చెప్పడమే గానీ కండ్లతో చూడలేదు.


కువైట్ రాజంపేట
అక్టోబరు 20, రాత్రి 11:40

చాలా సంతోషం పెద్దాయనా. ట్రిప్ షీటు మా రూములో అందరికీ చదివి వినిపించినా.


పాత స్టీరింగు, కడప
జనవరి 13, సాయంత్రం 6:30

భోగికి ముందురోజే ఇంటికి చేరినాం. తిరుగు ట్రిప్పు వివరం రాస్తానని మాటిచ్చినా.

డాలస్‌లో ఆదివారం 11వ తేదీ సాయంత్రం 7:00కు బయలు. ఇప్పుడు తేడా పదకొండున్నర కాబట్టి కడపలో సోమవారం ఉదయం 6:30. టికెట్లో దుబాయికి పద్నాలుగున్నర గంటలు, పద్నాలుగు గంటల ఐదు నిమిషాలకే చేరింది. దేవనహళ్ళి తమ్ముడు చెప్పిన గాలి నిజమే. ఈసారి పైకి పోలేదు, అట్లాంటిక్ మీదుగా, యూరప్ మీదుగా వచ్చింది. సముద్రం మీద ఒకచోట తెరలో వేగం 1,065 చూపించింది, అప్పుడు నోట్‌బుక్కులో కింద గీత గీసుకున్నా. హైదరాబాదులో మంగళవారం తెల్లవారుజాము 2:50. పోయేటప్పుడు 23 గంటలైంది, వచ్చేటప్పుడు 20 గంటల 20 నిమిషాలు. కారు తమ్ముడు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

మా ఇంటామె మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నర్సక్క చెప్పినట్టు రెండు గంటలకొకసారి లేపి నడిపించినా. తలుపు తీయగానే దేవుని గూట్లో చూసింది. చీనీకాయ ఎండి గట్టిగా చిన్నదైంది, రెండు చుక్కలూ అట్లనే ఉన్నాయి. మళ్ళీ ఎవరైనా డాలస్ పోయేవాళ్ళుంటే అడగండి, గంట గంటకూ రాసిన వేగం, ఎత్తు, చలి అన్నీ నోట్‌బుక్కులో ఉన్నాయి, పేజీలు ఫోటో తీసి పెడతాను.